ముందు తాడు

దస్తగిరికి తొమ్మిదేళ్ళుగా ఒకటే కోరిక. కొండెక్కే గుర్రాలకు ముందు తాడు తాను పట్టాలని.

చూస్తే ఆ తాడులో ఏమీ లేదు. మేకవెంట్రుకలతో పేనిన నల్ల తాడు, ఆరు బారలుంటుంది. చేతులు తగిలీ తగిలీ నున్నబడిపోయింది. కాశింపీరా తాతకు దాన్ని ఆయన గురువు ఇచ్చాడు. నల్లమల కింద, వాగు ఒడ్డున తాతకు ఒక చిన్న తకియా ఉంది. తకియా అంటే ఫకీర్లుండే చోటు. ఏటా శివరాత్రి దాటాక తకియా వాళ్ళంతా గుర్రాల మీద సామాను వేసుకుని అడవిలోకి ఎక్కుతారు. కొండ నెత్తిన మైళ్ళకొద్దీ మట్టంగా పరుచుకున్న అడవిలో ఆ గురువు సమాధి ఉంది. దాని దగ్గర డేరా వేసుకుని పదకొండు రోజులుంటారు. సమాధి చుట్టూ శుభ్రం చేసి, దీపం పెట్టి, జపం చేసుకుని దిగి వస్తారు.

వాళ్ళంతా అన్నానని పెద్ద గుంపనుకోవద్దు. తాత, దస్తగిరి, వంట చేసే నబీసాబ్. ముగ్గురే. గుర్రాలూ మూడే.

ముందు తాడు ఎవరి చేతికి వస్తే తాత తర్వాత తకియాకు వాళ్ళే పెద్ద. ఇది ఎక్కడా రాసి లేదు. ఎవరూ పైకి అనరు కూడా. అయినా దస్తగిరి గుర్రాలకు మాలీసు చేస్తున్నప్పుడల్లా ఆ తాడు వేలాడే మేకు వంక ఒకసారి చూసేవాడు. నబీసాబ్ అది గమనించి నవ్వుకునేవాడు.

ఆ ఏడు తాత మోకాళ్ళు పట్టేశాయి.

"ఈసారి నేను నడవలేనప్పా," అన్నాడు తాత. "మైనా గుర్రం మీద కూర్చుంటా. దారి, మజిలీలు, మేత, నీళ్ళు, అన్నీ నువ్వే చూడు. పైకి చేరేదాకా తాడు నీ చేతిలో ఉంటుంది. చేరినాక అది నీదో కాదో చూద్దాం."

దస్తగిరి ఆ రోజు అన్నం సరిగా తినలేదు. సంతోషమో భయమో అతనికే తెలియలేదు.

అతని నాయన నంద్యాలలో జట్కా తోలేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఏడుగురిని ఎక్కించుకున్న ఆ జట్కా గుర్రం నడిబజారులో మోకాళ్ళ మీద కూలింది. మళ్ళీ లేవలేదు. జనం తప్పుకుని పోతున్నారు. దాని కళ్ళ మీద వాలే ఈగల్ని తోలుతూ దస్తగిరి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. తన చేతి కింద ఏ గుర్రమూ అట్లా పోకూడదని అప్పుడే అనుకున్నాడు. నిజం చెప్పాలంటే అతను తకియాకు వచ్చింది గుర్రాల కోసమే. దేవుడు తర్వాత కలిశాడు.

అందుకే ప్రయాణం పెట్టుకున్నాక ఎనిమిది రోజులు ఒక్కడే అడవి దారంతా తిరిగొచ్చాడు. పైన చోటు ఎటూ తెలిసిందేనని అక్కడిదాకా పోలేదు. చదువు రాదు కాబట్టి గుర్తుకు చింతగింజలు పెట్టుకున్నాడు. గుర్రాలకు కావలసింది ఏదైనా తోచినప్పుడు ఒక గింజ సంచిలో వేసుకునేవాడు. తిరిగొచ్చాక తాత ముందు కూర్చుని, సంచి విప్పి, ఒక్కో గింజా నేల మీద పెడుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

"మొదటి మజిలీ రాళ్ళవాగు. నాలుగు కోసులే. ఇంకా పోవచ్చు గానీ మైనా ముసలిది, మొదటి రోజే దాన్ని అలసగొట్టను."

"తర్వాత?"

"వాగుకు కిందిపక్క గన్నేరు చెట్లుండాయి. ఆ ఆకు తింటే గుర్రం బతకదు. పైపక్క ఇసకలో దిగుతాం."

"తర్వాత?"

"రెండోనాడంతా ఎక్కుడు, రాతిదారి. లాడాలు వదులైతే ఊడొస్తాయి. ఇప్పుడే కొత్తవి కొట్టించినా. పొద్దున చల్లపూటే ఎక్కించి, ఎండ ముదరకముందే నీడకు చేరుస్తా."

"తర్వాత?"

గింజలు పెడుతూనే పోయాడు. ఏ గుర్రానికి ఎంత బరువు, చెమట ఆరాక ఎంతసేపటికి నీళ్ళు, నానబెట్టిన ఉలవలు పూటకెన్ని, పిడుదులు పట్టకుండా వేపనూనె, చిరుత వాసనకు బెదరకుండా పొగ ఎటువైపు పెట్టాలి. ఇప్పపూలు రాలడం మొదలైతే వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి ఆ లోపలే దిగిపోవాలనీ చెప్పాడు. నబీసాబ్ వంట వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు దారిలో ఏం పెడతావు దస్తగిరీ? దానికీ ఒక గింజ ఉందా?"

"నువ్వు గుర్రానివి కాదు గదన్నా."

"అయ్యుంటే బాగుండు," అంటూ నబీసాబ్ లోపలికి పోయాడు.

చివరి గింజ దగ్గరికి వచ్చేసరికి దస్తగిరి ముఖం విప్పారింది. ముందు చెప్పినవన్నీ గుర్రాలు పెంచే వాళ్ళెవరైనా చెప్పేవే. ఇది మాత్రం అతని సొంత తెలివి.

"పైన మన చోటు తెలుసు గదా తాతా. ఊట పక్కన మూడు ఇప్పచెట్లు. ఊటకు దగ్గరున్న చెట్టుకే మూడేళ్ళుగా కడుతున్నా. ఆ బోదెకు ఉప్పుమూట కూడా కడతా. పొద్దున మంచుకు తడిసి ఉప్పు బోదె మీదికి కారుతుంది. మూడూ దాన్ని నాకుతా నిలబడతాయి. యాడ కట్టినా కాలు దువ్వే కందిరీగ గూడా అక్కడ పదకొండు రోజులూ బుద్ధిమంతుడే."

కందిరీగ మూడో గుర్రం. పొట్టిది, ఎర్రది, ఆ పేరు ఊరికే రాలేదు. రెండోదాని పేరు బొగ్గు.

తాత నేల మీది గింజల వంక చూశాడు. ముప్పై ఒకటి ఉన్నాయి.

"ఎవరినైనా మర్చిపోయినావా?"

ఇది తాత ఎప్పుడూ అడిగే మాటే. అన్నం వడ్డించే ముందు అడుగుతాడు. సాయంత్రం తలుపు దగ్గరగా వేసే ముందు అడుగుతాడు. అలవాటు మాట అనుకుని దస్తగిరి వేళ్ళు మడిచాడు.

"మైనా, బొగ్గు, కందిరీగ. మూడే గదా తాతా. ఎవరినీ మర్చిపోలేదు."

"సరే. పోదాం."

ప్రయాణం గింజ గింజకూ అనుకున్నట్టే సాగింది. రాళ్ళవాగు ఇసకలో దిగారు. గన్నేరు వైపు గుర్రాలు తల కూడా తిప్పలేదు. రెండోనాటి ఎక్కుడులో ఒక్క లాడమైనా కదల్లేదు. దస్తగిరి నల్ల తాడు పట్టుకుని ముందు నడిచాడు. వెనక మైనా మీద తాత, మైనాకు కట్టిన బొగ్గు, బొగ్గుకు కట్టిన కందిరీగ, అన్నిటి వెనకా రొప్పుకుంటూ నబీసాబ్. రాయి కనిపిస్తే దస్తగిరి వంగి తీసి పక్కన పెట్టేవాడు. కొమ్మ అడ్డొస్తే గుర్రాలన్నీ దాటేదాకా పైకెత్తి పట్టుకునేవాడు. నబీసాబ్ దాటకముందే వదిలేసేవాడు.

"పెళ్ళికొడుకును కూడా ఇంత పదిలంగా తీసుకుపోరు," అని నబీసాబ్ ముఖం రుద్దుకున్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం వాలుతుండగా పైకి చేరారు.

పైన ఆకురాలు కాలం. టేకులు, మద్దులు, ఇప్పలు అన్నీ మోడుల్లా నిలబడి ఉన్నాయి. ఎండుగడ్డి మోకాలెత్తున ఉంది. ఊటలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి, కానీ ఆగలేదు. అవతల మోదుగల వెనక కూతవేటు దూరంలో చెంచుల గూడెం. అక్కడి గుడిసెల మీద పొగ కనిపిస్తోంది.

మూడు ఇప్పచెట్లూ ఉన్నచోటనే ఉన్నాయి. రెండు చెట్ల కింద నేల అద్దంలా ఊడ్చి ఉంది. ఆకులన్నీ పక్కకు తీసి కాల్చేశారు. ఊట దగ్గరి చెట్టు కింద మాత్రం ఆకులు అరచేతి మందాన పడి ఉన్నాయి.

దస్తగిరికి ఛాతీ ఉప్పొంగింది.

"చూసినారా తాతా, గూడెమోళ్ళు మన చోటు మనకే వదిలిపెట్టినారు," అంటూ గుర్రాలను అటు నడిపించాడు.

నబీసాబ్ చెయ్యి పట్టుకుని తాత మైనా మీంచి దిగాడు. నడుం నిమురుకుని తలెత్తి పక్క చెట్ల కొమ్మలు చూశాడు. తర్వాత ఊట దగ్గరి చెట్టు కొమ్మలు చూశాడు.

"తాడు ఇటియ్యి," అన్నాడు.

దస్తగిరి ఆగి వెనక్కి తిరిగాడు. ఇంత తొందరగా, సామాను కూడా దించకముందే ఆ తాడు తనదని చెప్పి ఇచ్చేస్తాడని అతను అనుకోలేదు. రెండు చేతులతోనూ తాడు అందించాడు. తాత దాన్ని తీసుకుని మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకున్నాడు. చెట్టుకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆయన ఏదో అంటాడని దస్తగిరి ఎదురుచూశాడు.

తాత కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాడు.

"గుర్రాలను చెట్టుకు కట్టేస్తా తాతా, ఇయ్యండి."

"ఉండనీ."

సామాను దించారు. జీనులు విప్పారు. చెమట ఆరాక దస్తగిరి ఒక్కో గుర్రానికీ బొక్కెనతో నీళ్ళు పెట్టాడు, కాళ్ళు రుద్దాడు, గిట్టలు ఎత్తి చూశాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. తాత తాడు వదల్లేదు. ఒక తాడు పట్టుకుంటే మూడు గుర్రాలూ పట్టుకున్నట్టే కదా, ఒకదానికొకటి కట్టి ఉన్నాయి.

దస్తగిరి ఉప్పుమూట తెచ్చాడు.

"ఇది కట్టేదా తాతా?"

"ఉండనీ."

అరగంటకు కందిరీగకు విసుగొచ్చింది. గింజుకుంటూ గడ్డి వైపు లాగింది. దాంతో బొగ్గు, బొగ్గుతో మైనా, మైనాతో తాత నాలుగడుగులు పోయారు. తాత వాటిని మెల్లగా వెనక్కి తెచ్చుకుని మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. నబీసాబ్‌కు చూడబుద్ధి కాలేదు. ఒక జీను తెచ్చి ఆయన వెనక వేశాడు.

"కూర్చోండి తాతా. ఆ మోకాళ్ళతో ఎంతసేపు నిలబడతారు?"

"చెట్టు కూర్చుంటుందా నబీ?"

నబీసాబ్‌కు ఆ మాట అర్థం కాలేదు. జీను తీసుకుని గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయాడు.

సాయంత్రపు అసరు నమాజు వేళయింది. తాత నబీసాబ్‌ను పిలిచి తాడు అతని చేతికిచ్చాడు. నమాజు చేసుకుని వచ్చి తాడు మళ్ళీ తీసుకున్నాడు. దస్తగిరి వంక చూడలేదు.

దస్తగిరి సామాను దగ్గరికి పోయాడు. ఏదో తప్పింది. ఏది తప్పిందో తెలియదు. చింతగింజల సంచి విప్పి మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. నేల మట్టంగానే ఉంది. ఊట చుట్టూ తిరిగాడు, గన్నేరు మొలక కూడా లేదు. గాలి ఎటునుంచి వస్తోందో పిడికెడు మట్టి వదిలి చూశాడు. మైనా వీపు మీద జీను ఒరిసిందేమోనని వేళ్ళతో తడిమాడు. ముప్పై ఒక్క గింజలూ సరిగ్గానే ఉన్నాయి. తాతకు తన మీద కోపమొచ్చిందని ఒకసారి, ముసలితనంలో మతి చలించిందని ఒకసారి అనుకున్నాడు. రెండోది అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా.

అప్పుడే గూడెం వైపు నుంచి ఈదమ్మ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. ఏటా వీళ్ళు వచ్చినప్పుడు ఒక దోసెడు పుట్టతేనె తెచ్చి సమాధి దగ్గర పెట్టి పోతుంది. ఈసారి చేతిలో చీపురు ఉంది. ఊడ్చిన రెండు చెట్ల కింద గాలికి మళ్ళీ చేరిన ఆకులు ఊడవబోతూ, తాడు పట్టుకుని నిలబడ్డ తాతను చూసి ఆగింది.

"ఏంది సామీ, నువ్వే కట్టుకొయ్యవైనావా?"

తాత నవ్వాడు. "బాగున్నావా ఈదమ్మా?"

"ఉన్నా సామీ."

దస్తగిరికి మాట్లాడే మనిషి దొరికింది. దగ్గరికి పోయాడు.

"ఆ చెట్టు కింద మా కోసమే ఊడవకుండా వదిలినావా అమ్మా? గుర్రాలకు మెత్తగా ఉంటుందని?"

ఈదమ్మ అతని వంక వింతగా చూసింది.

"పూయని చెట్టు కింద ఊడ్చి ఏం చేసుకుంటా సామీ?"

దస్తగిరి తలెత్తాడు. పక్క రెండు చెట్లకూ ఆకు లేదు. కానీ ప్రతి రెమ్మ చివరా గోధుమరంగు మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఇంకో పదిహేను రోజులకు విచ్చి, తెల్లవారుజామున టపటపా రాలేవి అవే. అవి ఏరుకోవడానికే ఈ ఊడవడం. ప్రతి ఏడూ పూలు రాలకముందే దిగిపోయే మనిషి కాబట్టి అతనెప్పుడూ అది చూడలేదు. ఊట దగ్గరి చెట్టు రెమ్మల చివర ఏమీ లేదు.

బోదె దగ్గరికి పోయాడు. తన నడుమెత్తున, గుర్రాల మూతి అందేంత మేర, చుట్టూ బెరడు లేదు. ఎండి, తెల్లబడి, పళ్ళ గాట్లతో ఒక పెద్ద పట్టీలాగా ఉంది. దాని పైన మిగిలిన బెరడు మీద చెయ్యి వేస్తే పెచ్చులుగా ఊడి చేతిలోకి వచ్చింది. పాత ఉప్పుమూట కట్టిన పీచు ముక్క ఒకటి ఇంకా దానికి వేలాడుతోంది. ఆ ముడి అతను వేసిందే.

కందిరీగ ఇక్కడ బుద్ధిగా ఎందుకు నిలబడేదో అతనికి అప్పుడు తెలిసింది.

"ఎప్పటినుంచి అమ్మా?" అన్నాడు.

"నిరుడు మీరు దిగినాక పూత వచ్చె. తక్కువే వచ్చె. వానలకు ఆకు వేసి, ఆ వానల్లోనే రాల్చేసె. అంతే, మళ్ళీ చిగురు లేదు."

"ఆ రెండు చెట్లు?"

"అవి మా బావోళ్ళవి. ఊడ్చినందుకు నాకూ రెండు గంపలు ఇస్తారు. ఇది నాది. మా అత్త ఇచ్చిపోయింది." చెప్పడంలో ఫిర్యాదు ఏమీ లేదు. గూడెంలో ఏ చెట్టు ఎవరిదని అడిగితే ఎవరైనా చెప్పే తీరులోనే చెప్పింది. "ఎండబెట్టి దాచుకుంటే వానాకాలం గడిచేది. గింజలకు నూనె వచ్చేది."

"మాకు ఒక మాట చెప్పొచ్చు గదమ్మా!"

"ఏమని చెప్పేది సామీ? దేవుని పనికి వచ్చిన గుర్రాలంటిరి. దేవుని గుర్రాన్ని అదిలిస్తామా?"

మూడేళ్ళ కింద గూడెం వాళ్ళు గుర్రాలను చూడడానికి వచ్చినప్పుడు ఆ మాట చెప్పింది దస్తగిరే. గుర్రాల మీద ఎవరూ రాళ్ళు వేయకూడదని చెప్పాడు.

అతను పరుగెత్తుకుని పోయి ఉలవల బస్తా ఈడ్చుకొచ్చాడు.

"ఇవి తీసుకో అమ్మా. సగం తీసుకో. మా గుర్రాలు గడ్డితో సరిపెట్టుకుంటాయి."

ఈదమ్మ బస్తాలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు ఉలవలు తీసి చూసింది. మళ్ళీ బస్తాలోనే వేసింది.

"గుర్రాల కడుపు ఎండబెట్టేదెందుకు సామీ? ఇవి నాలుగు నాళ్ళకు అయిపోతాయి."

చీపురు తీసుకుని పక్క చెట్టు కిందికి పోయి ఊడవడం మొదలుపెట్టింది.

దస్తగిరి బస్తా అక్కడే వదిలేసి తాత దగ్గరికి వచ్చాడు. పొద్దు చెట్ల మధ్యకు దిగింది. తాత మణికట్టు ఒరుసుకుని ఎర్రగా కమిలింది. మోకాళ్ళు వణుకుతున్నాయి. అయినా నిలబడిన చోటు నుంచి కదల్లేదు.

"తాతా," అన్నాడు దస్తగిరి. "గుర్రాలను యాడ కట్టల్ల?"

"దారి, మజిలీ నీవి. నువ్వే చెప్పు."

దస్తగిరి చుట్టూ చూశాడు. టేకు చెట్టుంది. మద్ది ఉంది. బావోళ్ళ ఇప్పలున్నాయి. నిన్నటిదాకా వాటిలో ప్రతిదీ అతని కంటికి ఒక కట్టుకొయ్యే. వాటిలో ఏది ఎవరిదో ఈ మూడేళ్ళలో అతను ఒక్కరినీ అడగలేదు. అతనికి ఏడుపొచ్చింది. ఏడవకుండా వంగి తాత మణికట్టు మీది చుట్టు విప్పి, తాడు తన చేతికి తీసుకున్నాడు. తాత నిలబడిన చోటే తాను నిలబడ్డాడు.

నబీసాబ్ వచ్చి తాతను చంకల కింద పట్టుకుని డేరాకు నడిపించుకుపోయాడు.

చీకటి పడేలోగా నబీసాబే ఉపాయం కనిపెట్టాడు. ఊటకు అవతల రెండు బండరాళ్ళున్నాయి. వాటి మధ్య మోకు లాగి గుర్రాలను దానికి కట్టారు. ఉప్పు బండ మీద పోశారు. మర్నాటి నుంచి పగలంతా దస్తగిరి వాటిని చేత్తో పట్టుకునే మేపాడు. ఎక్కడ పేడ వేస్తే అక్కడ పరిచాడు. గిట్టతో గుంట తీస్తే పూడ్చాడు. కందిరీగకు ఈ ఏర్పాటు నచ్చలేదు, పదకొండు రోజులూ కాలు దువ్వుతూనే ఉంది. దస్తగిరి దాన్ని ఏమీ అనలేదు.

ఏడోనాడు ఎండిన చెట్టు మొదట్లో, ఆకులు తీసి చూస్తుంటే, కొరికిన పట్టీకి కిందుగా వేరు దగ్గర ఒక చిగురు కనిపించింది. చిటికెన వేలంత ఉంది. ఎర్రగా, జిగటగా ఉంది. దస్తగిరి పోయి ఈదమ్మను పిలుచుకొచ్చాడు.

ఆమె చతికిలబడి కూర్చుని వేలితో దాన్ని ముట్టి చూసింది.

"వేరు బతికుంది," అంది.

"నిలబడుతుందా?"

"నిలబడొచ్చు. ఎండలకు మాడకుంటే. కణుజులు, దుప్పులు కొరక్కుంటే."

"ఎన్నేళ్ళకు పూస్తుందమ్మా?"

"పదేండ్లు. వానలు మంచిగ లేకుంటే పన్నెండు."

ఆ సాయంత్రమే దస్తగిరి రేగుకంప కొట్టి తెచ్చి చిగురు చుట్టూ కంచె వేశాడు. రోజూ పొద్దున గుర్రాలకు నీళ్ళు పెట్టే బొక్కెనతోనే ముందు దానికి పోశాడు.

పన్నెండోనాడు పొద్దున సామాను కట్టారు. నబీసాబ్ డేరా మడిచాడు. తాత సమాధి దగ్గర కాసేపు కూర్చుని, లేచి వచ్చాడు. మైనా మెడ నుంచి నల్ల తాడు విప్పి, చుట్ట చుట్టి, దస్తగిరి ముందు చాపాడు.

తొమ్మిదేళ్ళు దాని కోసమే చూసిన మనిషి. నబీసాబ్ చేతిలో పని ఆపి చూస్తున్నాడు. దస్తగిరి చెయ్యి ముందుకు వచ్చింది. తాడును తాకింది. తాకి వెనక్కి పోయింది.

"నేను వానలు పడేదాకా ఇక్కడే ఉంటా తాతా. దానికి నీళ్ళు పోయాల. కింది దారి నబీసాబ్ అన్నకు అంతా చెప్పినా. గింజలు కూడా ఇచ్చినా."

"నాకు గింజలెందుకురా," అన్నాడు నబీసాబ్, కానీ ఆ మాటలో ఎగతాళి లేదు.

"మరి తాడు?" అన్నాడు తాత.

"అది పూసిన ఏడు తీసుకుంటా."

"అప్పటికి నేనుండనప్పా."

"తెలుసు తాతా."

తాత సామాను మూట విప్పాడు. మామూలు నులక తాడు ఒకటి తీసి మైనాకు కట్టి నబీసాబ్ చేతికిచ్చాడు. నల్ల తాడు భుజాన వేసుకుని, కుంటుకుంటూ మోదుగల వెనక గూడెం వైపు నడిచాడు. దస్తగిరి వెంట పోయాడు.

ఈదమ్మ గుడిసె ముందు కూర్చుని గంప అల్లుతోంది. తాత తాడును ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు యాడి గుర్రముందని సామీ, ఈ తాడు?"

"దాచిపెట్టు. ఎప్పుడో ఒకరోజు ఈ దస్తగిరి వచ్చి అడుగుతాడు," అన్నాడు తాత. "చెట్టు చూసి ఇయ్యి."